ఒక్క చిల్లూ లేని మాస్కు

నేను ఒక మాస్కును. ఆ మాట పూర్తిగా నిజం కాదు లెండి. మాస్కునై పుట్టి, పనిలో చేరిన మర్నాడే చచ్చిపోయి, ఆ సంగతి ఎవరికీ తెలియకపోవడంతో ఇంకా పనిలోనే కొనసాగినదాన్ని. చచ్చినవాడి పేరు ఓటర్ల జాబితాలో ఉండిపోయినట్టు నా పేరూ ఉండిపోయింది. నా తెలుపు చెడలేదు. ముక్కు మీద నొక్కే తీగ వంగలేదు. తల వెనక్కి పోయే రెండు పట్టీలూ బిగువుగానే ఉన్నాయి. లోపల ఉండాల్సింది మాత్రం లేదు. అది లేకుండానే నేను ఒక మనిషి ముఖాన్ని అంటిపెట్టుకుని పన్నెండు రోజులు తిరిగాను. భయపడాలంటే దానికి భయపడండి.

నా పుట్టుక గురించి రెండు మాటలు చెప్పకపోతే మిగతా కథ మీకు అందదు. నన్నెవరూ నెయ్యలేదు. నూకల్లాంటి ప్లాస్టిక్ గింజల్ని కరిగించి, వేడిగాలితో ఊదితే, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని పోగులు ఒకదాని మీద ఒకటి చిందరవందరగా పడ్డాయి. అదే నా లోపలి పొర. పడుగు లేదు, పేక లేదు. ఆ పొరను తర్వాత కరెంటు కింద నుంచి పోనిచ్చారు. చిన్నప్పుడు దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కల మీద పెట్టి ఉంటారు మీరు. ముక్కలు లేచొచ్చి దువ్వెనకు అతుక్కుంటాయి. ఆ లాగే గుణమే నా పోగుల్లో నింపారు. అదే నా ప్రాణం. నా పోగుల మధ్య సందులు మీరనుకున్నంత ఇరుకేం కాదు. కంటికి కనపడని తుంపర వాటిలోంచి దర్జాగా దాటిపోగలదు. దాటబోయినదాన్ని పక్కకు లాగి పట్టుకునేది ఆ గుణమే. స్పిరిట్ తగిలితే అది పోతుంది. చిల్లు పడదు, రంగు మారదు, చప్పుడవదు. పోతుంది, అంతే.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ వేసవిలో నేను చీరాల చేరాను. ఒక ఆసుపత్రి కరోనా వార్డులో ఆయాగా పనిచేసే మంగతాయారుకు నన్ను ఇచ్చారు. ఇచ్చింది హెడ్‌నర్సు గ్రేస్ రాణి. మాస్కులకు కరువొచ్చిన రోజులవి. మనిషికి ఐదిచ్చి రోజుకొకటి మార్చుకోమనాల్సింది, ఒక్కొక్కటే చేతిలో పెట్టింది.

"స్టాకు వచ్చేదాకా దీంతోనే నెట్టుకురావాలి తాయారూ. ఇంటికెళ్ళాక కాగితం కవర్లో పెట్టు. ఉతకబాక, తడపబాక," అంది గ్రేస్ రాణి.

"అట్టాగే సిస్టర్," అంది మంగతాయారు.

మంగతాయారుది నలభై ఆరేళ్ళ వయసు, బలమైన చేతులు, ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే నోరు. మంచం పట్టిన వాళ్ళను పక్కకు తిప్పుతూ వాళ్ళ ఊరడిగేది, పిల్లలెందరని అడిగేది, జవాబు రాకపోయినా తనే చెప్పుకుపోయేది. ఆ మొదటి రోజు నేను నా పని చేశాను. ఎన్నిటిని లాగి పట్టుకున్నానో లెక్కలేదు. ఆమె ఊపిరి వెచ్చగా వచ్చి తగులుతూ ఉంటే, ఈమెకేమీ కాదని అనుకున్నాను. నా బతుకులో గర్వపడాల్సిన రోజు అదొక్కటే. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చింది. గడప దగ్గర భర్త భావనారాయణ నిలబడి ఉన్నాడు, చేతిలో పిచికారీ సీసాతో.

భావనారాయణ నేతగాడు. ఎండలు ముదిరినప్పుడు పడుగు పోగులు ఎండి పుటుక్కున తెగిపోతుంటే, వాటి మీద సన్నగా నీళ్ళు చల్లడానికి ఆ సీసా వాడేవాడు. లాక్‌డౌనులో నూలు రావడం ఆగింది, మగ్గం ఆగింది, సీసాకు పని లేకుండా పోయింది. అందులో స్పిరిట్ కలిసిన శానిటైజర్ నింపాడు. వాళ్ళమ్మ బతికున్న రోజుల్లో చావింటికి వెళ్ళొచ్చినవాళ్ళ మీద పసుపునీళ్ళు చల్లందే గడప దాటనిచ్చేది కాదట. కొడుక్కి ఆ చెయ్యి వచ్చింది. కూరగాయల మీద చల్లాడు, పాలప్యాకెట్టు మీద చల్లాడు, తలుపు గొళ్ళేల మీద చల్లాడు, భార్య చెప్పుల మీద చల్లాడు. ఆసుపత్రి గోడ మీద 'చేతులకు శానిటైజర్ వాడండి' అని మాత్రమే రాసి ఉంది. చేతులకు మంచిదైనది దేనికైనా మంచిదేనని మనుషులు ఎంత తేలిగ్గా నమ్ముతారో!

ఆమె నన్ను తీసి చేతికివ్వగానే వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూశాడు. తడిమి ఏ నంబరు నూలో చెప్పగల వేళ్ళవి. తర్వాత నన్ను వెలుగుకెదురుగా పట్టుకున్నాడు.

"నేత గట్టిగా ఉంది. ఒక్క చిల్లు లేదు," అన్నాడు.

నాలో నేతే లేదు మహాప్రభో అని అరవాలనిపించింది. మాకు నోరు మూయడమే తెలుసు, తెరవడం తెలీదు.

"కాయితం కవర్లో పెట్టమన్నారు. తడపొద్దంట," అంది మంగతాయారు కాళ్ళు కడుక్కుంటూ.

"నీళ్ళతో తడపొద్దనుంటారులే. ఇది నీళ్ళా? ఆవిరై పొయ్యే మందు. చూడు, నువ్వు తిరిగి చూసేలోపల ఆరిపోద్ది. రోజంతా అంతమంది దగ్గుల్లో తిరిగొచ్చిన గుడ్డని పురుగుల్తో పాటు కవర్లో మూటగట్టి, పొద్దున్నే మళ్ళీ మూతికి కట్టుకుంటావా?"

"నువ్వు చెప్పిందీ నిజమేలే. గుడ్డ సంగతి నీకు తెలిసినట్టు వాళ్ళకేం తెలుసు," అంది ఆమె.

మర్నాడు పొద్దున ఏడుముప్పావుకి, ఆమె జడ వేసుకుంటుండగా, ఆయన నన్ను దండెం మీద క్లిప్పుకు తగిలించి లోపలా బయటా తడిసేలా చల్లాడు. చల్లగా అనిపించింది. మండుతుందనుకున్నాను, మండలేదు. నా పోగుల్లో పట్టు ఒక్కసారిగా జారిపోయింది. రెండు నిమిషాల్లో ఆరిపోయాను. ఆయన అన్నట్టే, ఆమె తిరిగి చూసేలోపల.

నా చావు అలా జరిగింది. అంత ప్రేమగా చంపబడ్డ వస్తువు ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

ఆ తర్వాతి రోజులు తలచుకుంటే నాకిప్పటికీ వణుకు. అదే వార్డు, అవే మంచాలు, అదే మంగతాయారు గొంతు. ఆమె నన్ను నమ్మి వంగి రోగి నోట్లో నీళ్ళు పోసేది. దగ్గు తెర వచ్చినప్పుడు మొహం తిప్పుకునేది కాదు, మాస్కుందిగా అనేది. పెద్ద తుంపర్లు ఇంకా నాకు తగిలి ఆగేవి. సన్నవి వచ్చేవి. వస్తూంటే తెలిసేది. నిన్నటిదాకా లాగి పట్టుకున్నవాటినే, దారిన పోయేవాళ్ళను అరుగు మీంచి చూసినట్టు, చూస్తూ ఊరుకున్నాను. ఆమె మాట్లాడుతూనే ఉండేది. ప్రతి మాటకు ముందు ఊపిరి పీల్చుకునేది. ఆ పీల్చుకోవడమే నాకు భరించరానిదిగా ఉండేది. ఒసేయ్ తాయారూ, ఒక్క గంట మాట్లాడకుండా ఉండవే అని మనసులో ప్రాధేయపడ్డాను. ఆమె మాత్రం మూడో మంచం ముసలాయనకు తన పెళ్ళిలో పప్పు అడుగంటిన కథ చెబుతూనే ఉంది.

రోజూ పొద్దున్నే పిచికారీ. చచ్చినదాన్ని మళ్ళీ మళ్ళీ చంపడమన్నమాట.

పదమూడో రోజు ఆమెకు ఒళ్ళునొప్పులొచ్చాయి. పద్నాలుగో రోజు జ్వరం. పరీక్ష చేస్తే కరోనా ఉన్నట్టు తేలింది. తను రోజూ ఊడ్చే వార్డులోనే, తనే దుప్పటి మార్చే మంచం మీద పడుకోబెట్టారు. రోగిగా వెళ్ళింది కాబట్టి నాతో పని లేకపోయింది. నేను దండెం మీద ఉండిపోయాను. భావనారాయణ మాత్రం రోజూ ఏడుముప్పావుకు నా దగ్గరికి వచ్చేవాడు. చల్లేవాడు. ఆరాక వెలుగుకు పట్టి చూసేవాడు. ఆమె తిరిగొచ్చి డ్యూటీకి పొయ్యేనాటికి సిద్ధంగా ఉండాలని.

ఆమె ఆసుపత్రిలో చేరిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు, "ఆ... ఆ..." అన్నాడు. పెట్టేశాక మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. ఆమెను ఇంటికి తేలేదు. అటునుంచి అటే తీసుకుపోయారు.

అది నా గుండానే వెళ్ళిందా? ఈ ప్రశ్నే నన్ను పీక్కుతింటోంది. భోజనాల గదిలో నలుగురూ కూర్చుని మాస్కులు గడ్డం కిందికి లాక్కుని అన్నం తినేవాళ్ళు. అప్పుడు వెళ్ళి ఉండొచ్చు. బస్సులో వెళ్ళి ఉండొచ్చు. నేను సరిగ్గా బతికున్నా వెళ్ళి ఉండేదేమో. తెలియదు. తెలియకపోవడంలో కొంత ఊరట ఉంటుందంటారు. నాకైతే దొరకలేదు.

భావనారాయణకు దొరికింది. పరామర్శకు వచ్చిన వాళ్ళందరికీ ఆయన ఒకటే చెప్పేవాడు. "అన్నం తినేప్పుడు మాస్కు తీస్తారుగదా, అక్కడ అంటుకుని ఉంటది. మాస్కులో లోపం లేదు. నేను రోజూ శుద్ధి చేసి ఇచ్చా. ఒక్క రోజు తప్పలేదు." ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన నడుము నిటారుగా ఉండేది. చెయ్యాల్సింది చేశానన్న ఆ ఒక్క మాట పట్టుకుని అన్నం తింటున్నాడు, నిద్ర లేస్తున్నాడు.

నెల తిరిగాక మంగతాయారు చెల్లెలు హైమావతికి అక్క స్థానంలో ఆయా పని ఇస్తామన్నారు. ఆమె కాపురం ఈ ఇంటికి రెండు వీధుల అవతలే. పనిలో చేరే రోజు పొద్దున్నే బావకు చెప్పి వెళ్దామని వచ్చింది. ఆయన అప్పటికే నన్ను తీసి చల్లుతున్నాడు.

"అక్క మాస్కు. నువ్వు పెట్టుకో. రోజూ పొయ్యేటప్పుడు ఇటొచ్చి తీసుకో, వచ్చేటప్పుడు ఇచ్చెళ్ళు. శుద్ధి చెయ్యడం నా పని," అన్నాడు.

హైమ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెయ్యి చాచింది.

వద్దమ్మా, వద్దు. ఒక మనిషి ఊపిరికి అడ్డంగా రెండోసారి నిలబడాల్సి వస్తే నేనేం కావాలి? దయ్యాలు మనుషుల్ని పట్టుకుంటాయంటారు. నిజానికి మనుషులే దయ్యాల్ని పట్టుకుని వదలరు.

సరిగ్గా అప్పుడే గ్రేస్ రాణి వచ్చింది. మంగతాయారు లాకరులో మిగిలిన సామాను, ఒక టిఫిన్ బాక్సు, చెప్పులజత, గుర్తింపు కార్డు, సంచిలో పెట్టి తెచ్చింది. గుమ్మంలో ఆగి, ఆయన చేతిలో సీసా వైపు, హైమ చేతిలోకి చేరిన నా వైపు చూసింది.

"ఏం చల్లుతున్నారు భావనారాయణగారూ?"

"శానిటైజరే సిస్టరుగారూ. మీరు తడపొద్దన్నారంట, అందుకే నీళ్ళు తగలనియ్యలా. మొదటిరోజు నుంచీ ఇదే. చూడండి." నన్ను లాక్కుని వెలుగుకు పట్టి చూపించాడు. "ఒక్క చిల్లు లేదు."

ఆమె ముఖంలో రక్తం దిగిపోవడం నాకు కనిపించింది. ఆయన ఆమె మెప్పు కోసం చూస్తున్నాడు. చీర బాగుందని షావుకారు అనే మాట కోసం నిలబడ్డ నేతగాడి మొహం అది.

"శుభ్రంగా ఉంచారు," అంది చివరికి. "హైమా, కాగితాలతో పనుంది, ఒక్క నిమిషం బయటికి రామ్మా. మాస్కు కూడా తీసుకురా."

సందు మలుపులో ఆగి, గొంతు తగ్గించి హైమకు అంతా చెప్పింది. దువ్వెన కథే చెప్పింది. స్పిరిట్ పడితే ఏమవుతుందో చెప్పింది. హైమ నన్ను పట్టుకున్న చెయ్యి దూరంగా పెట్టింది.

"అయితే అక్క దీనివల్లేనా సిస్టర్?"

"తెలవదమ్మా. ఎవ్వరం చెప్పలేం. నేను తడపొద్దన్నా, కానీ శానిటైజర్ కూడా వద్దని ఒక్క మాట అనలా. ఆ ఒక్క మాటకి నాకెంత టైం పట్టుద్ది చెప్పు? నీకు కొత్తవి ఐదిస్తా, స్టాకొచ్చింది. ఇది పారెయ్యి."

"బావకి చెప్పాలిగా."

గ్రేస్ రాణి కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "చెప్పాలి. నువ్వు చెప్పగలవా?"

హైమ వెనక్కి తిరిగి ఇంటి వైపు చూసింది. ఆయన గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ఆమె చెప్పలేదు. నన్ను పారెయ్యనూ లేదు. సంచిలో వేసుకుంది.

అలా మొదలైంది ఆ నాటకం. పొద్దున్నే ఆయన చల్లుతాడు. హైమ రెండు చేతులతో నన్ను అందుకుంటుంది. వీధి మలుపు తిరగ్గానే సంచిలో పడేస్తుంది. ఆసుపత్రిలో కొత్త మాస్కు పెట్టుకుంటుంది. సాయంత్రం నన్ను ఆయన చేతికిస్తుంది. రోజంతా నేను చీకట్లో, టిఫిన్ బాక్సు పక్కన, ఎవరి ఊపిరీ తగలకుండా పడుకునేదాన్ని. నా జన్మకు అంత హాయి ఎప్పుడూ లేదు. హైమ బతికింది. అబద్ధం మనుషుల్ని కాపాడటం కళ్ళారా చూశాను కాబట్టి నేనిక దాన్ని తప్పుపట్టను.

కానీ మేం ఇద్దరం ఒకటి మరిచిపోయాం. ఆయన గుడ్డ తెలిసినవాడు. నా లోపలి పొర ఆయన వేళ్ళకు అందలేదు గానీ, వాడిన గుడ్డకూ వాడని గుడ్డకూ ఉండే తేడా అందకుండా పోతుందా? కట్టిన చీరనీ కట్టని చీరనీ మడత విప్పకుండా చెప్పగల మనిషి. రెండు వారాలు గడిచేసరికి ఆయన నన్ను అందుకునేటప్పుడు ఒక క్షణం ఎక్కువసేపు పట్టుకోసాగాడు. పట్టీలు సాగడం లేదు. లోపల చెమట చార లేదు. ఎనిమిది గంటలు ముఖానికుండి వచ్చిన గుడ్డ ఇంత పొడిగా ఎలా ఉంటుంది?

హైమను ఏమీ అడగలేదు. ఒకరోజు పొద్దున చల్లాక, మగ్గం మీద నుంచి ఒక్క పోగు తెంపి, నన్ను రెండుగా మడిచి, ఆ మడతలో సన్నగా పెట్టి ఇచ్చాడు. ఆ సాయంత్రం మడత విప్పి చూశాడు. పోగు పెట్టినచోటే ఉంది. మర్నాడూ పెట్టాడు. మర్నాడూ ఉంది.

మూడో రోజు సాయంత్రం ఆమె నన్ను ఇవ్వబోతే తీసుకోకుండా, అరుగు మీద కూర్చున్నాడు.

"హైమా, నువ్విది పెట్టుకోవటంలేదు."

ఆమె నన్ను అరుగు మీద పెట్టింది.

"అక్కది పెట్టుకోవాలంటే భయమేసిందా?"

ఎంత మంచి దారి చూపించాడో ఆయన! అవును బావా, భయమేసింది అంటే చాలు, కథ అక్కడితో అయిపోయేది. హైమ తల ఊపబోయింది. కానీ ఏడుపు ముందొచ్చింది. ఏడుస్తూ ఆమె చూపు తన ప్రమేయం లేకుండానే గూట్లో ఉన్న పిచికారీ సీసా మీదికి పోయింది. ఆయన ఆ చూపు వెంబడే చూశాడు.

ఎదురింట్లో ఎవరో గిన్నెలు తోముతున్నారు.

"నీళ్ళు కాదనుకున్నా," అన్నాడు భావనారాయణ.

"బావా, దానివల్లే అని ఎవరూ చెప్పలేరంట. సిస్టరు అంది. నిజంగా అంది."

"ఊఁ. నువ్వింటికి పో అమ్మా. పిల్లలు చూస్తుంటారు."

ఆమె వెళ్ళాక ఆయన సీసా మూత తీసి, ఉన్నదంతా వాకిట్లో మట్టిలో ఒంపేశాడు. అది ఇంకేదాకా చూశాడు. తర్వాత నన్ను తీసుకుని మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నాడు. నన్ను ముక్కలుగా చింపుతాడనుకున్నాను. చింపితే బాగుండును, ఇద్దరికీ.

ఆయన నన్ను ముఖానికి పెట్టుకున్నాడు. మంగతాయారు పెట్టుకున్నట్టే, ముందు కింద పట్టీ, తర్వాత పై పట్టీ. ముక్కు మీద తీగ నొక్కాడు. కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చాడు. మొదట మెల్లగా, తర్వాత గుండె నిండా, మళ్ళీ, మళ్ళీ. ఆయన ఏం వెతుకుతున్నాడో నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. పదమూడు రోజులు ఆమె చెంపకు ఆనుకుని ఉన్నదాన్ని. ఆమె పౌడరు, ఆమె చెమట, వక్కపలుకు వాసన వచ్చే ఆమె నోరు, ఏదో ఒకటి నాలో ఎక్కడో ఒక పోగు చాటున మిగిలి ఉంటుందనుకున్నాడు.

ఏమీ లేదు. అంత శుభ్రంగా ఉంచాడు ఆయన నన్ను.